పాట లేని చీటీ, సవరాల కొట్టు

గాజువాకలో 20 మంది నెలకు 5 వేల చొప్పున లక్ష చీటీ వేశారనుకోండి. రెండో నెలలోనే డబ్బు కావాల్సినావిడ 30 వేలు తగ్గించి పాడుకుంటే చేతికొచ్చేది 70 వేలు. నడిపే ఆవిడ కమీషన్ 5 వేలు పోను మిగిలిన 25 వేలు తలా 1,250 పంచుకుంటారు. అవసరం ఎంత గట్టిదైతే పాట అంత లోతుకు దిగుతుంది. కొట్టు పెట్టాలనుకునే మనిషికి డబ్బు ముందే కావాలి కదా, అందుకే అందరికంటే ఎక్కువ వదులుకునేదీ ఆమే.

విదేశాలకు వెళ్లి వ్యాపారాలు పెట్టుకున్న నల్లజాతి స్త్రీల చీటీలో ఈ పాట ఉండదు. యొరుబాలు దాన్ని ఎసుసు అంటారు. ఘనాలో, ట్రినిడాడ్‌లో సుసు, జమైకాలో పార్డ్‌నర్, కామెరూన్‌లో జాంగి, ఇథియోపియాలో ఇక్కుబ్, సొమాలీలకు హగ్‌బద్. పది మంది నెలకు 300 డాలర్లు కడితే, వంతు వచ్చినావిడకు 3,000 పూర్తిగా అందుతుంది. కోత లేదు, వడ్డీ లేదు. మొదట ఎత్తినావిడకు అది వడ్డీ లేని అప్పు, చివర ఎత్తినావిడకు వడ్డీ రాని పొదుపు. వంతులు కొన్నిచోట్ల లాటరీ తీసి తేలుస్తారు, కొన్నిచోట్ల డబ్బు పట్టే ఆవిడే ఎవరి అవసరం ఏమిటో చూసి నిర్ణయిస్తుంది. ఆవిణ్ణి జమైకావాళ్లు 'బ్యాంకర్' అంటారు. అసలు బ్యాంకర్లు మొహం చాటేసినప్పుడు ఆ పేరు ఆమెకే తగింది.

1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ లండన్ దగ్గర టిల్‌బరీ రేవుకు చేరింది. దాని తర్వాత వచ్చిన కరీబియన్ కుటుంబాలకు బ్రిటన్‌లో బ్యాంకు అప్పు పుట్టడం గగనం. రంగు చూసి ఇల్లు ఇవ్వమనడం 1968 చట్టం వచ్చేదాకా తప్పే కాదు. ఇంటి బయానా చాలామందికి పార్డ్‌నర్ లోంచే వచ్చింది. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లొచ్చిన కుటుంబాలున్న మన ఉత్తరాంధ్రలో, ఊరివాళ్లే దిక్కయిన పరిస్థితి ఎలాంటిదో విడమర్చి చెప్పక్కర్లేదు. ట్రినిడాడ్ పియానో కళాకారిణి వినిఫ్రెడ్ అట్వెల్ 1956లో లండన్ బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి స్త్రీల కోసం సెలూన్ తెరిచింది. ఆమెకు పేరూ డబ్బూ అప్పటికే ఉన్నాయి. అవి లేనివాళ్లకు సుసు.

3,000 డాలర్లతో ఏమొస్తుంది? సెలూన్ రాదు. వేరేవాళ్ల సెలూన్‌లో ఒక కుర్చీ అద్దె, మొదటి సరుకు వస్తాయి, అంతే. జడలు అల్లే పనికి పెట్టుబడి తక్కువ, శ్రమ ఎక్కువ: తలంతా చదరపు పాయలు తీసి అల్లే మధ్యరకం బాక్స్ బ్రెయిడ్స్‌కు ఆరు నుంచి ఎనిమిది ప్యాకెట్ల కృత్రిమ జుట్టు, ఐదు నుంచి ఏడు గంటల పని. ఆ జుట్టు మీదుండే పూతకు కొందరికి నెత్తి దురద పెడుతుంది. ఆపిల్ సైడర్ వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే తెల్లగా తెట్టు తేలుతుంది. కడిగి రాత్రంతా ఆరబెట్టాకే వాడాలి. నుదుటి అంచున బిగించి అల్లితే కుదుళ్లు లాగేసి జుట్టు రాలిపోతుంది, ఆ కస్టమర్ మళ్లీ రాదు. అమెరికాలో లైసెన్సు నిబంధన రాష్ట్రానికొకటి. జడలల్లడం నేర్పనే నేర్పని వెయ్యి గంటల పైచిలుకు కోర్సు చదివి రమ్మన్న రాష్ట్రాలూ ఉన్నాయి.

అసలు డబ్బు మునిగేది సవరాల దగ్గర. ఇక్కడి సరుకే కాబట్టి మనకు అర్థమవుతుంది. తిరుమలలోనో సింహాచలంలోనో గుండు కొట్టించుకున్నప్పుడు వచ్చే తలనీలాలు కుచ్చులుగా ఉంటాయి, కుదుళ్లన్నీ ఒకే వైపు. దాన్నే రెమీ అంటారు. వీధిలో గిన్నెలకు మార్చుకునే చిక్కు వెంట్రుకల్లో కుదురూ కొసా కలిసిపోతాయి. వెంట్రుక మీది పొలుసులు ఎదురెదురుగా పడి చిక్కుపడతాయి. అందుకని ఆమ్లంలో ముంచి పొలుసు తీసేసి, సిలికాన్ పూసి మెరిపిస్తారు. నాలుగైదు తలస్నానాలకు ఆ మెరుపు పోతుంది. రెండు వేళ్ల మధ్య కొస నుంచి కుదురు వైపు లాగి చూడాలి: రెమీ అయితే గరగరలాడుతుంది, కుదురు నుంచి కొస వైపు మాత్రం నున్నగా జారుతుంది. రెండు వైపులా జారిందంటే పూత. మొదటి వంతు డబ్బంతా ఒకే లాటుకు పోయకుండా, 100 గ్రాముల కట్టలు నాలుగు తెప్పించి, ఉతికి చూశాకే మిగతాది. ఒక తలకు రెండు మూడు కట్టలు పడతాయి.

ఇక చీటీ ఎలా విరుగుతుందంటే, మూడో నెలలో ఎత్తినావిడ వీసా అయిపోయి వెళ్లిపోతే ఏడు వాయిదాలు, అంటే 2,100 డాలర్ల లోటు. అందుకే కొత్తగా చేరినవాళ్లకు, మకాం ఖాయం కానివాళ్లకు వంతు చివర్లోనే. మొహమాటానికి పోతే బోర్డు తిప్పేసేది స్నేహమే. డబ్బు బ్యాంకు ద్వారా పంపి, ఏ నెల వాయిదానో రాసుకోవడం మేలు. అమెరికాలో 10,000 డాలర్లు దాటి నగదు జమ చేస్తే బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేస్తుంది, అది మామూలే. తెలియకూడదని ముక్కలు చేసి జమ చేయడమే నేరం.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది: అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుకుంటున్న అమ్మాయి గానీ, పని అనుమతి లేని హెచ్-4 (అక్కడ ఉద్యోగం చేసేవారి కుటుంబానికిచ్చే వీసా) మీదున్న అమ్మాయి గానీ సుసు డబ్బుతో సొంత వ్యాపారం నడపకూడదు. విశాఖలోనే వేద్దామనుకునేవాళ్లు కూడా, పాట లేదు కదా అని ధీమా పడొద్దు. వంతు లాటరీతో తేల్చినా 1982 చిట్ ఫండ్స్ చట్టం దాన్నీ చీటీగానే చూస్తుంది.

రెండో చుట్టు మొదలయ్యేటప్పుడు వరస తిరగేయాలి. పోయినసారి పదో నెలదాకా ఆగినావిడకు ఈసారి మొదటి వంతు.