కోసి ఏం లాభమన్నారు

పోయిన గంగజాతరప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. ఈసారి తాతయ్యగుంట గంగమ్మకు నా చేత్తోనే పొంగలి పెట్టుకున్నాను. భయం తగ్గింది, కోపం తగ్గలేదు.

దొడ్డికి పోతే రక్తం పడేది. మా చిత్తూరు దగ్గర ఒకాయన పరీక్ష కూడా చేయకుండా "మొలలేమ్మా, కారం తగ్గించు" అని మందిచ్చి పంపేవాడు. నెలలు గడిచాయి, సగానికి సగం చిక్కిపోయాను. మూత్రంలో గాలి బుడగలు రావడం మొదలయ్యాక గానీ స్కాన్ రాయలేదు. తిరుపతిలో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష), ముక్క పరీక్ష, సీటీ స్కాన్ అన్నీ అయ్యాయి. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. మూత్రసంచికీ గర్భసంచికీ అతుక్కుని ఉంది.

ఒక కుర్ర డాక్టరు నా మంచం పక్కనే నిలబడి మా అబ్బాయితో, "ఇంత ముదిరినాక కోసి ఏం లాభం? ఇంటికి తీసుకుపోయి నోటికి ఇష్టమైంది పెట్టండి" అన్నాడు. నేను మెలకువగానే ఉన్నాను. ఆ మాటను ఈ రోజుకీ క్షమించలేదు.

పెద్ద సర్జన్‌గారు మర్నాడు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అతుక్కుంటే అయిపోయినట్టు కాదమ్మా. కాలేయానికీ ఊపిరితిత్తులకీ పోలేదు. విడదీయబోతే క్యాన్సర్ కణాలు పొట్టలో చెదురుతాయి, అందుకే అన్నీ కలిపి ఒకే ముక్కగా తీసేస్తాం" అన్నారు. అలాగే పేగు, గర్భసంచి, మూత్రసంచిలో కొంత భాగం తీసి, మలానికి పొట్టమీద సంచి పెట్టారు.

ఆపరేషన్ నాకు తెలీదు. తెలిసింది ఆ తర్వాతి ఒక రాత్రి. పొట్ట ఉబ్బింది, చలిజ్వరం, గుండె దడ. నర్సమ్మ పొట్టలోంచి నీరు పోయే డ్రెయిన్ గొట్టం చూసి మాట్లాడకుండా పరిగెత్తింది. పేగు కుట్టు విడిపోయిందేమోనని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది. స్కాన్‌కు తోసుకుపోతుంటే మా ఆయన స్ట్రెచర్ పట్టుకుని గోవిందనామాలు చెబుతున్నాడు. కిటికీలోంచి ఘాట్‌రోడ్డు లైట్లు కనబడ్డాయి. సామీ, బతికిస్తే మోకాళ్ళ మెట్టు మోకాళ్ళ మీదే ఎక్కుతానని మొక్కుకున్నాను. కుట్టు గట్టిగానే ఉంది, ఒకచోట చీము పట్టింది. గొట్టం పెట్టి తీశారు. తెల్లారేదాకా ఆ నర్సమ్మ నన్ను వదల్లేదు. ఆ తల్లి చల్లగా ఉండాలి.

రిపోర్టులో క్యాన్సర్ మూత్రసంచి గోడలోకి దిగిందని, గర్భసంచి మాత్రం వాపువల్ల అతుక్కుందని వచ్చింది. తీసిన అంచుల్లో జబ్బు లేదు. జబ్బు పాకిందో లేదో తెలియాలంటే లింఫు గ్రంథులు కనీసం 12 చూడాలంటారు, మీ రిపోర్టులో ఎన్ని చూశారో అడగండి. కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించాక చన్నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళకు కరెంటు కొట్టినట్టుండేది.

ఆడబిడ్డ ఆ సంచి చూసి గడప దగ్గరే నిలబడి వెళ్ళిపోయింది. మా కోడలు ముఖం చిట్లించకుండా రోజూ మార్చింది. ఇప్పుడు సంచి తీసేసి పేగు కలిపారు. మొక్కు మాత్రం పొట్ట గట్టిపడేదాకా ఆగమన్నారు.

రక్తం పడితే, వేలు పెట్టి పరీక్ష చేయకుండానే మొలలనే వాళ్ళ దగ్గర ఆగకండి. మీకు ఈ జబ్బు వస్తే, మీ తోబుట్టువులకూ పిల్లలకూ 40 ఏళ్ళకు, లేదా మీకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందయితే అప్పటినుంచే కొలనోస్కోపీ చేయించాలి. మా తమ్ముడు చేయించుకుంటే పేగులో చిన్న పాలిప్ (పులిపిరి లాంటి కండ) కనబడింది, అప్పుడే తీసేశారు. పుత్తూరులో ఉన్న చెల్లెలు "బళ్ళు తెరిచాక చూద్దాంలే అక్కా" అంటోంది. రేపు పొద్దున బస్సుకు నేనే పోయి పిల్చుకొస్తా.