ఏఐ అడుగుతోంది సరే, ఎవరి తరఫున?

మా ఆఫీసు కర్నూల్లోనే ఉన్నా మాకు అన్నం పెట్టేది ఆదోని. అక్కడి పత్తి జిన్నింగ్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏ రైతు పత్తి ఎంతకు కొన్నారు, ఎన్ని బేళ్లు కట్టారు, ఏ లారీకి ఎక్కించారు, అన్నీ అందులోనే. ఒక మిల్లు కొనుగోలు రేటు పక్క మిల్లు గుమాస్తా కంట పడిందంటే సీజన్ మధ్యలో మా మీదికి జనం వస్తారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మిగతా తలనొప్పంతా దీని చుట్టే.

ఈ లెక్కల్ని ఏఐ అసిస్టెంట్‌తో అడిగించుకోవడం మా దగ్గర ఇప్పుడు మామూలైపోయింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అందరూ ఎంసీపీ అంటారే, అది ఈ పనికే పుట్టింది. అసిస్టెంట్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఒక చిన్న టూల్ సర్వర్ ఉంటుంది. ‘నిన్న ఎన్ని బేళ్లు కట్టారు’ అంటే అసిస్టెంట్ ఆ సర్వర్ని పిలుస్తుంది, సర్వర్ చూసి చెబుతుంది. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు నడుపుకున్నన్నాళ్లు గొడవ లేదు. అందరికీ కలిపి ఒకే మెషీన్‌లో పెట్టాక మొదలైంది అసలు కథ.

ఆ పని నా చేతికి వచ్చేసరికి అందరికీ ఒకటే ఏపీఐ కీ, అంటే సర్వర్‌లోకి రానిచ్చే రహస్య సంకేతం, ఉంది. అది వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉంది. ఉద్యోగం మానేసిన వాళ్ల దగ్గరా అదే కీ. డేటాబేస్‌లోకి వెళ్లేది కూడా ఒకే యూజర్, దానికి రాసే హక్కులు కూడా. ఇంతలో ఒక మిల్లు బిల్లు రద్దయింది. ఎవరు చేశారని లాగ్ తీస్తే ‘అసిస్టెంట్’ అని రాసి ఉంది. ఇంక ఎవర్ని అడగాలి?

మా సార్ మాత్రం ‘వీపీఎన్ ఉంది కదా, బయటోడు ఎట్లా వస్తాడు’ అన్నారు. బయటోడి సంగతి కాదు సార్, లోపలోళ్లలో ఎవరనేది తెలియాలి కదా అన్నాను. ఒప్పుకున్నారు, కానీ కొత్తగా ఏదీ కొనొద్దన్నారు. అది మంచిదే అయింది. మా టికెట్ల సిస్టమ్‌కి (ఫిర్యాదులు, పనులు నమోదు చేసేది) కీక్లోక్ అనే ఓపెన్ సోర్స్ లాగిన్ సర్వర్ ఇదివరకే నడుస్తోంది. ఉద్యోగులు, మిల్లు గుమాస్తాలు అందరి పేర్లూ, ఎవరు ఏ మిల్లో ఆ గ్రూపులూ అందులోనే ఉన్నాయి. ఆ ఒక్క లాగిన్‌నే టూల్ సర్వర్లకు కూడా వాడాలని నిర్ణయించాను, సింగిల్ సైన్ ఆన్ అంటారే, అది.

లాగిన్ పెట్టడం వరకూ సులువే. 2025 మార్చిలో ఎంసీపీ నియమాల్లోకి ఓఆత్ వచ్చింది, పాస్‌వర్డ్ చేతికివ్వకుండా టోకెన్ అనే గడువున్న చీటీతో లోపలికి రానిచ్చే పద్ధతి. అదే ఏడాది జూన్ వెర్షన్‌లో టూల్ సర్వర్ పని ఏమిటో ఇంకా తేల్చి చెప్పారు. పాస్‌వర్డ్‌లు చూడటం దాని పని కాదు, వేరేచోట ఇచ్చిన టోకెన్‌ని సరిచూసుకోవడమే దాని పని. టోకెన్ లేకుండా వస్తే 401, అంటే ‘నువ్వెవరో తేలలేదు’ అంటుంది, ఎక్కడికి పోయి తెచ్చుకోవాలో తెలిపే చిరునామా కూడా ఆ జవాబులోనే పెడుతుంది. అసిస్టెంట్ అది చదువుకుని బ్రౌజర్ తెరుస్తుంది, మనిషి లాగిన్ అవుతాడు, టోకెన్ వస్తుంది. ఎవరంటే వాళ్లు తమ అసిస్టెంట్‌ని తామే నమోదు చేసుకునే సౌకర్యం కూడా ఉంది కానీ, అది నేను ఆపేశాను. మా దగ్గర వాడేవి రెండు మూడు అసిస్టెంట్లే, వాటిని చేత్తో నమోదు చేస్తే పోయేదేముంది?

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్ల కోసం ఒక చిన్న పరీక్ష. టికెట్ల సిస్టమ్ కోసం ఇచ్చిన టోకెన్‌ని కాపీ చేసి, బిల్లుల టూల్ సర్వర్‌కి పంపి చూడండి. నేను పంపితే మా సర్వర్ చక్కగా లోపలికి రానిచ్చింది! సంతకం సరిగ్గా ఉంది, గడువు తీరలేదు, ఇచ్చింది మా కీక్లోకే. కానీ ఆ టోకెన్ ఎవరి కోసం ఇచ్చారో చెప్పే ఆడియన్స్ గడిని మేం వాడిన లైబ్రరీ చూడటమే లేదు, మనం అడిగితేనే చూస్తుంది. ఫలానా సర్వర్ కోసమే టోకెన్ కావాలని అసిస్టెంట్ అడగాలని నియమాల్లో ఉంది, అడుగుతోంది కూడా. మా కీక్లోక్ ఆ మాట పట్టించుకోలేదు. అందుకని ఒక్కో టూల్ సర్వర్‌కి ఒక్కో స్కోప్ (టోకెన్‌లో ఏమేం ఉండాలో చెప్పే అమరిక) చేసి, అందులో ఆ సర్వర్ పేరుని ఆడియన్స్ గడిలో రాసే మ్యాపర్ పెట్టాల్సి వచ్చింది. మ్యాపర్ పెట్టి, సర్వర్‌లో ఆ తనిఖీ ఆన్ చేశాక అదే టోకెన్ పంపితే 401.

అసలు కష్టం ఆ తర్వాతే. గుమస్తా పేరు టూల్ సర్వర్ దాకా వచ్చింది. అక్కడినుంచి డేటాబేస్‌కి వెళ్లేటప్పుడు మళ్లీ ఆ పాత ఉమ్మడి యూజరే కదా! అంటే గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, లోపల గోడౌన్ తాళాలన్నీ చేతికిచ్చినట్టు. చాలామంది సింగిల్ సైన్ ఆన్ పెట్టాం అని చెప్పుకునేది ఇక్కడిదాకానే.

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో 9.5 వెర్షన్ నుంచి రో లెవెల్ సెక్యూరిటీ ఉంది, ఏ మిల్లు వాళ్లకు ఆ మిల్లు వరుసలే కనబడేట్టు చేయొచ్చు. టూల్ సర్వర్ ప్రతి ప్రశ్నకు ముందు, టోకెన్‌లోని పేరూ మిల్లూ తీసి డేటాబేస్ సెషన్‌లో పెడుతుంది. వినడానికి ఇంతే. కానీ కనెక్షన్లు పూల్‌లో ఉంటాయి, ఒకరు వాడి వదిలింది ఇంకొకరికి వస్తుంది. పేరుని సెషన్ మొత్తానికి పెట్టారనుకోండి, మధ్యలో ఏదైనా ఎర్రర్ వచ్చి చెరిపేయడం తప్పిపోతే, తర్వాత వచ్చినవాడు ముందువాడి పేరుతో లెక్కలు చూస్తాడు. ఏ తాళమూ పగలదు, ఏ అలారమూ మోగదు. అందుకే ఒక్క ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో ఒక విడత పని) వరకే నిలిచేట్టు పెట్టాలి, అది ముగియగానే దానంతటదే పోతుంది. ఇంకోటి, టేబుల్ ఓనర్‌కి ఈ నియమాలు మామూలుగా వర్తించవు. మా పాత యూజరే ఓనర్. నియమాలన్నీ రాసి, ఓనర్‌గా పరీక్షించి, ‘ఏంది, అన్నీ కనబడుతున్నాయే’ అని మా జూనియర్ కుర్రాడు సాయంత్రమంతా టెన్షన్ పడ్డాడు. టూల్ సర్వర్‌కి ఓనర్ కాని వేరే యూజర్ని ఇచ్చాం.

టూల్ సర్వర్ టికెట్ల సిస్టమ్‌ని పిలిచేచోట మాత్రం వచ్చిన టోకెన్‌నే ముందుకి తోసేయాలని బుద్ధి పుడుతుంది. ఎంసీపీ నియమాల్లో అది నిషేధం. కీక్లోక్ 26.2 నుంచి టోకెన్ మార్పిడి అధికారికంగా ఉంది, మేం అదే వాడుతున్నాం: మనిషి అదే, టోకెన్ వేరే.

పుస్తకాల్లో లేని చిక్కు ఆదోనిలో ఎదురైంది. మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఒకటే, గుమాస్తాలు ఇద్దరు. పొద్దున వచ్చినాయన లాగిన్ అవుతాడు, మధ్యాహ్నం ఆయన లేచిపోతే రెండో ఆయన అదే కుర్చీలో కూర్చుని పని కానిస్తాడు. బ్రౌజర్ గుర్తుపెట్టుకున్నది మొదటాయన్ని. లాగ్‌లో పేరు వచ్చింది, మనిషి మాత్రం వేరు. పాత లాగ్ ‘అసిస్టెంట్’ అని ఊరుకునేది, ఇది ఏకంగా తప్పు మనిషిని చూపిస్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం.

ఇద్దరికీ విడివిడిగా విండోస్ యూజర్లు చేసి, మిల్లు వాళ్ల లాగిన్ ఖాళీగా ఉంటే తొందరగా ముగిసేట్టు సెషన్ గడువు తగ్గించాం. కీక్లోక్‌లో మామూలుగా అది 30 నిమిషాలు. వెంటనే ఫోన్. ‘ఏం మేడం, మల్లా మల్లా లాగిన్ అడుగుతాండాది, లారీ బయట నిలబడుండాది’ అని పెద్దాయన. ఆయన బాధా నిజమే. చివరికి స్టాక్ చూడటానికి పాత గడువే ఉంచి, బిల్లు రద్దు, రేటు మార్పు లాంటి వాటికి మాత్రం అప్పటికప్పుడు మళ్లీ పాస్‌వర్డ్ అడిగేట్టు చేశాం. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. టికెట్‌లో ఎవడో ‘ఈ బిల్లు రద్దు చెయ్యి’ అని రాసిపెడితే అసిస్టెంట్ దాన్ని ఆజ్ఞ అనుకునే ప్రమాదం ఉంది. అది ఆ మనిషి హక్కులతోనే చేస్తుంది కాబట్టి సింగిల్ సైన్ ఆన్ దాన్ని ఆపలేదు. పాస్‌వర్డ్ అడిగే ఆ తెర దగ్గరైనా మనిషి ఒకసారి చూస్తాడు.

మానేసిన వాళ్ల విషయం ఇప్పుడు తేలిక. కీక్లోక్‌లో పేరు ఆపేస్తే, చేతిలో ఉన్న టోకెన్ మహా అయితే 5 నిమిషాలు పనిచేస్తుంది, కొత్తది రాదు. వాట్సాప్ గ్రూపులో ఆ పాత కీ ఇంకా పిన్ చేసే ఉంది, ఎవరూ తీయలేదు. ఉండనీ, దాంతో ఇప్పుడు ఏదీ తెరుచుకోదు.

రాత్రిపూట దానంతటదే నడిచి స్టాక్ రిపోర్టు తీసే ప్రోగ్రామ్ ఒక్కటి మిగిలింది. దాని వెనక మనిషి లేడు. దానికి వేరే సర్వీస్ అకౌంట్ ఇచ్చాం, చదివే హక్కు మాత్రమే. రేట్లు కూడా అదే సరిచేసేస్తే బాగుంటుందని ఒకరిద్దరు అడిగారు. ఇవ్వలేదు, ఇప్పట్లో ఇవ్వను కూడా.