పొద్దున ఏడింటికి, సాయంత్రం ఆరింటికి

న్యూస్ చూడటం ఎందుకు మానేశావు అని మొన్న ఆఫీసులో ఒకావిడ అడిగారు, ఒక్క ముక్కలో చెప్పలేకపోయా. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన, అందుకే ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మ విజయవాడ సింగ్ నగర్‌లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక హైదరాబాద్ వచ్చెయ్యమ్మా అని ఎన్నిసార్లు అడిగామో లెక్కలేదు, కానీ ఆ ఇల్లు నాన్న కట్టించింది, వదిలి రాదు. కింద అమ్మ, పైన ఒక చిన్న కుటుంబం అద్దెకి. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున నేను ఇక్కడ కూకట్‌పల్లిలో ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి టీవీ ఆన్ చేస్తే ప్రకాశం బ్యారేజీ చూపిస్తున్నారు. గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి, ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుకుంటూ దూకుతున్నాయి. వెంటనే అమ్మకి ఫోన్ చేశా, కలవలేదు. పైన అద్దెకుండే అబ్బాయికి చేశా, స్విచ్ఛాఫ్.

ఆ రోజు సాయంత్రం దాకా నేను టీవీ ముందు నుంచి లేవలేదండీ. చేతిలో ఫోన్, ఎదురుగా టీవీ. టీవీలో అదే బ్యారేజీ, అవే నీళ్ళు, గేట్ల కింద నురగల అదే విజువల్, దాని చుట్టూ ఎర్ర గీత గీసి, వెనక గుండెలు అదిరే మ్యూజిక్కు. ఫోన్‌లో ఏమో ఒక వీడియో తర్వాత ఒకటి, ఏది ఎప్పటిదో ఏ ఊరిదో తెలీదు. ఇంటి గ్రూపులో మా కజిన్ ఒకడు "బ్యారేజీ తెగిపోతుందంట, ఎవరూ బయటకి చెప్పట్లేదంట, అందరికీ పంపండి" అని ఫార్వర్డ్ పెట్టాడు. నేను దాన్ని ఇంకో మూడు గ్రూపులకి పంపా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ పంపా. వెళ్దామంటే దారి లేదు, హైవే నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీళ్ళలో ఉంది, రైలు కట్ట కేసముద్రం దగ్గర కొట్టుకుపోయింది. అన్నయ్య డల్లాస్‌లో వాళ్ళకి అర్ధరాత్రి అయినా మేలుకుని నాకు లింకులు పంపిస్తున్నాడు, నేను వాడికి పంపిస్తున్నా. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు ఇంకా భయపెట్టుకున్నామే తప్ప ఒక్క పని చెయ్యలా. చేతులు వణుకుతున్నాయి, మా పాప పెట్టిచ్చిన అన్నం కంచంలో అలాగే ఎండిపోయింది.

సాయంత్రం ఆరు దాటాక అమ్మ ఫోన్ చేసింది. అమ్మది బటన్ల ఫోన్, ఒకసారి ఛార్జింగ్ పెడితే మూడు రోజులు వస్తది. డాబా మీదకి వెళ్తే సిగ్నల్ దొరికిందంట.

"ఏమే, నేనే. పైన వాళ్ళింట్లో ఉన్నా. నీళ్ళు నాలుగో మెట్టు దాకా వచ్చినయ్, మజ్జాన్నం నుంచి అక్కడే ఉన్నయ్, పెరగట్లా. అన్నం తిన్నాం. ఛార్జింగు అయిపోద్ది, పొద్దున ఏడింటికి చేస్తా, మళ్ళీ సాయంత్రం ఆరింటికి. మధ్యలో చెయ్యమాకు."

అంతే, అర నిమిషం కూడా లేదు. ఆ ఒక్క ఫోన్‌తో నాకు తెలిసినంత ఆ పది గంటల టీవీలో తెలీలేదు. మా ఇంటి మెట్లు నాకు తెలుసు కదా, చిన్నప్పుడు ఆ మెట్ల మీదే కూర్చుని ఎక్కాలు చదివిందాన్ని. నాలుగో మెట్టు అంటే ఎంత ఎత్తో కళ్ళు మూసుకుని చెప్పగలను. కింద గదుల్లో మంచం మునిగిపోయి ఉంటది, బీరువాలో కింది అర పోయి ఉంటది, గోడకున్న నాన్న ఫోటో మాత్రం తడవదు. భయం పోలేదు, కానీ ఆ భయానికి ఒక కొలత దొరికింది.

తర్వాత అర్థమైన ఇంకో సంగతి ఏంటంటే, పొద్దున నుంచి నేను గుండెలు బాదుకుంది అసలు వేరే నీళ్ళ గురించి. టీవీ మొత్తం కృష్ణానది చూపించింది. మరుసటి రోజు బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చింది, అంత వరద ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు, నిజమే. కానీ సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, ఊరి పక్క నుంచి పోయే బుడమేరు అనే వాగు. వెలగలేరు అనే ఊరి దగ్గర నుంచి దాని నీళ్ళు డైవర్షన్ ఛానల్లో, అంటే మళ్ళింపు కాలవలో పోయి కృష్ణలో కలవాలి, కృష్ణే నిండుగా ఉంటే అవి ఎక్కడికి పోతాయి, పైనుంచి వచ్చే వరద ఆగదు, గట్లకి గండ్లు పడి ఊరి మీదకి వచ్చేసింది. బుడమేరుని విజయవాడ దుఃఖదాయని అని మా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఇవన్నీ నాకు తెలిసిన విషయాలే, ఆ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. కానీ ఆ రోజు పది గంటలు స్క్రీన్ చూశాక నా బుర్రలో బ్యారేజీ తప్ప ఇంకేం లేదు, నాకు తెలిసింది కూడా నేను మర్చిపోయా.

ఆ నాలుగైదు రోజులూ అమ్మ చెప్పినట్టే చేసింది. ఏడింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి. "పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు పడవలో తెచ్చిచ్చారు." "ఇవాళ డ్రోన్‌లో పులిహోర పొట్లాలు దింపారు, పిల్లలు చప్పట్లు కొట్టారు." "మూడో మెట్టు బయటపడింది." "రెండోది సగం." నేను ఒక పాత డైరీలో తారీఖు వేసి మెట్టు నంబర్ రాసుకునేదాన్ని. మధ్యలో పదకొండు గంటలు మాత్రం మళ్ళీ టీవీ, మళ్ళీ ఫోన్, మళ్ళీ అదే వణుకు. రాత్రిళ్ళు ఒంటిగంటకి లేచి "సింగ్ నగర్ లేటెస్ట్" అని వెతకడం. ఇప్పుడు తల్చుకుంటే బాధేస్తది, అమ్మ తన బ్యాటరీని అంత పొదుపుగా వాడుకుంటుంటే నేను నా ప్రాణాన్ని అలా ఖర్చు పెట్టా.

దారులు తెరుచుకుని, నీళ్ళు తీశాక నేను వెళ్ళా, అప్పటికి వినాయక చవితి అయిపోయింది. సందంతా బురద వాసన, మురుగు వాసన. ఇంట్లో మోకాళ్ళ కింద దాకా ఒండ్రు. బియ్యం బస్తా ఉబ్బిపోయి పగిలి కుళ్ళిపోయింది, పరుపులు నలుగురు పట్టినా లేవలేదు. మా పెళ్ళి ఆల్బమ్ తెరిస్తే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి రంగులన్నీ కలిసిపోయి ఉన్నాయి, నాన్న నా చెయ్యి పట్టుకుని ఉన్న ఫోటోలో నాన్న తలపాగా ఒక్కటే మిగిలింది. అమ్మ దాన్ని చీర కొంగుతో అద్ది డాబా మీద ఎండలో పెట్టింది, ఏం మాట్లాడలా. పారతో ఎత్తడం, బకెట్లతో పొయ్యడం, చీపుళ్ళు అరిగిపోయేదాకా ఊడవడం, వీధిలోకి ఫైరింజను వచ్చినప్పుడు అందరం ఒకేసారి గేట్లు తీసి కడిగించుకోవడం. ఐదు రోజులు ఇదే పని.

ఆ ఐదు రోజులూ నాకు రాత్రి పడుకోగానే నిద్ర పట్టింది.

దీన్ని నేను చాలా రోజులు ఆలోచించా. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో, పొడి నేల మీద, ఫ్యాన్ కింద కూర్చున్నప్పుడు పట్టని నిద్ర, ఆ బురద కంపులో, దోమల్లో, చాప మీద ఎట్లా పట్టింది. అలసట ఒక కారణం అనుకోండి. కానీ నాకు అనిపించింది ఏంటంటే అక్కడ నేను చూసిన ప్రతిదానికీ నేను చెయ్యగలిగిన పని ఒకటుంది. బురద కనపడితే పార ఉంది. పక్కింటి పిన్నిగారు ఏడుస్తుంటే పక్కన కూర్చుని టీ ఇవ్వచ్చు. మనసుకి బాధ వచ్చింది, చేతుల్లోంచి బయటకి పోయింది. టీవీ ముందు అదే బాధ లోపలికి రావడమే, పోయే దారి లేదు. బుడమేరు కథే అది కూడా.

తిరిగొచ్చాక ఫోన్‌లో స్క్రీన్ టైమ్ తీసి చూస్తే వరదకి ముందు మామూలు వారంలో కూడా రోజుకి ఐదు గంటలు చిల్లర ఉంది. ఉద్యోగం, వంట, పిల్ల చదువు అన్నీ చేస్తూ ఐదు గంటలు ఎక్కడి నుంచి తెచ్చానో నాకే అర్థం కాలేదు. ఆ ఏడాది ఎలక్షన్లు కూడా కదా, మే 13 పోలింగ్, జూన్ 4 కౌంటింగ్, మధ్యలో ఆ మూడు వారాలు ఎవరు గెలుస్తారు అని పొద్దస్తమానం డిబేట్లు చూశా. ఓటు వెయ్యడం అయిపోయింది, డబ్బాలో ఉన్నది మారదు, అయినా చూశా. మా బావగారితో మావారు ఇంటి గ్రూపులో గొడవపడి నాలుగు నెలలు మాటల్లేవు. ఏ పార్టీ అనేది వదిలెయ్యండి, పండక్కి ఒకే విస్తరి వరసలో కూర్చునే మనుషులు.

ఇది నా బలహీనత ఒక్కటే కాదని తర్వాత తెలుసుకున్నా. కిందకి లాగేకొద్దీ పేజీ అయిపోకుండా వస్తూనే ఉంటది చూడండి, ఆ పద్ధతిని 2006లో తయారు చేసింది ఆజా రాస్కిన్ అనే ఆయన, తర్వాత తనే బహిరంగంగా బాధపడ్డాడు, ఇట్లా వాడతారనుకోలేదని. పేపర్‌కి ఆఖరి పేజీ ఉంటది, రేడియో వార్తలకి "వార్తలు సమాప్తం" ఉంటది. మా ఇంట్లో నాన్న పొద్దున ఆరూ నలభై ఐదుకి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు పెట్టేవారు, గడ్డం గీసుకుంటూ వినేవారు, సమాప్తం అనగానే రేడియో కట్టేసి స్నానానికి పోయేవారు. ఆయనకి లోకం సంగతులు నాకంటే బాగా తెలుసు. సమాప్తం అనే మాట ఫోన్‌లో ఎక్కడా లేదు.

సరే, నేనేం చేశానంటే. కేబుల్ అబ్బాయికి చెప్పి న్యూస్ ఛానళ్ళు ప్యాక్ లోంచి తీయించా, మావారు రెండు రోజులు అలిగారు, తర్వాత ఆయనకి కావాల్సింది ఇయర్ ఫోన్స్ పెట్టుకుని చూసుకోవడం అలవాటు చేసుకున్నారు, అది ఆయన ఇష్టం. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, ఎక్స్ మూడూ తీసేశా. వాట్సాప్ తియ్యలేను, స్కూల్ గ్రూపు అందులోనే, అందుకని మిగతా గ్రూపులన్నీ మ్యూట్. ఇంటికి ఒక పేపర్ వేయించుకున్నా, అది సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చదువుతా, పొద్దున చదవను. తుఫాను, వరద హెచ్చరికల మెసేజ్‌లు మాత్రం ఆపలేదు, అవి ఆపకండి, అవి అవసరం.

మొదటి పది రోజులు చాలా కష్టం. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకి పోయేది, తెరిచాక యాప్ ఉన్న చోట ఖాళీ, బొటనవేలు ఆ ఖాళీ మీదే ఆగేది. లిఫ్ట్‌లో, సిగ్నల్ దగ్గర, బాత్రూమ్ బయట, ప్రతి ఖాళీలో అది ఉండేదని అప్పుడు తెలిసింది. ఆ ఖాళీల్లో ఏం చెయ్యాలో తెలీక మనుషుల్ని చూడటం మొదలుపెట్టా. అట్లా ఒకరోజు లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ భార్యని చూసి, ఎన్నో నెల అమ్మా అని అడిగా. ఏడో నెల మేడమ్ అంది. ఏడు నెలలుగా రోజూ నా ఎదురుగానే మెట్లు తుడుస్తోంది. ఆ సాయంత్రం నుంచి ఆ అమ్మాయిని మెట్లు తుడవనివ్వలేదు, అపార్ట్‌మెంట్‌లో అడిగి వేరే మనిషిని పెట్టించాం.

మధ్యలో తప్పా కూడా. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలిన రోజు ఆఫీసులో ఎవరో చెప్తే బ్రౌజర్‌లో తెరిచా, ఇక రాత్రి రెండింటి దాకా అదే. పైకి లేచి దిగిపోయిన ఆ కొన్ని సెకన్ల వీడియో ఎన్నిసార్లు చూశానో. చూసిన కొద్దీ చనిపోయినవాళ్ళకి నేను చేసింది ఏమీ లేదు, పొద్దున పాప సాక్స్ కనపడట్లేదంటే మాత్రం అరిచేశా. ఆ పిల్ల ఏడుస్తూ బస్సెక్కింది. సాయంత్రం పేపర్‌లో వివరంగా చదివా, అప్పుడు దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నా. నిజంగా దుఃఖపడింది అప్పుడే.

దేశంలో ఏం జరుగుతోందో పట్టించుకోకపోతే ఎట్లా, చదువుకున్నదానివి అని అన్నయ్య అంటాడు. వాడి మాట నేను కొట్టిపారెయ్యను. ఏమీ తెలీకుండా బతకమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ ఆదివారం బ్యారేజీ తెగుతుందని మూడు గ్రూపులకి పంపింది పొద్దున నుంచి న్యూస్ చూస్తున్న నేనే కదా. రోజుకి ఇరవై నిమిషాలు పేపర్ చదివే ఇప్పటి నేను అట్లాంటిది ఎవరికీ పంపలేదు, ఇన్ని నెలల్లో ఒక్కటి కూడా.

అమ్మకి ఆ టైమ్ అలవాటైపోయింది. కరెంటు ఉన్నా, ఛార్జింగ్ ఉన్నా ఇప్పటికీ ఏడింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి. మధ్యలో నేనూ చెయ్యను. ఇల్లంతా సున్నం వేయించింది కానీ మెట్ల పక్క గోడ మీద నాలుగో మెట్టు దగ్గర ఆ మరక మాత్రం ఉంచమందంట మేస్త్రీని. నిన్న ఆరింటికి చేసి ఏం చెప్పిందంటే, పైన అద్దెకున్న అబ్బాయికి గుంటూరు ట్రాన్స్‌ఫర్ అయిందంట, వచ్చే నెల ఖాళీ చేస్తారంట, వాళ్ళ బుడ్డోడు అమ్మమ్మా నువ్వు కూడా రా అని కొంగు పట్టుకున్నాడంట. చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఈ శనివారం పాపని తీసుకుని వెళ్తున్నా, టికెట్లు దొరికినయ్.