పెన్సిల్ ములుకు తగిలిన బోరు

ఎంవీపీ కాలనీలో మా పై ఫ్లాటు కుర్రాడికి మా ఇంటి అల్మరాలో రాళ్ళంటే మహా ఇష్టం. మొన్న పల్నాడు అగ్నిగుండాల దగ్గరి నల్లకొండ గని రాయి తీసి, "తాతగారూ, ఇది బంగారమేనా?" అన్నాడు.

బాత్‌రూమ్ రిపేరులో మిగిలిన టైల్ ముక్కను వెనక్కి తిప్పి, ఆ గరుకు మీద రాయించాను. ఆకుపచ్చ కలిసిన నల్లటి గీత పడింది. బంగారమైతే పసుపు గీత పడాలి. బంగారంలా మెరిసే ఇనుము-గంధకం ఖనిజం పైరైట్ గీతా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, అందుకని మేకుతో గీకమన్నాను. సులువుగా గాటు పడింది. పైరైట్ మేకుకు లొంగదు. ఇది చాల్కోపైరైట్: రాగి, ఇనుము, గంధకం. బరువులో మూడో వంతుకు పైగా రాగే. అయితే గనిలో ఇది రాతినిండా ఉండదు. నూటికి ఒక వంతు రాగి ఉన్న టన్ను రాయిలో చాల్కోపైరైట్ 29 కిలోలే, రాగి 10 కిలోలు.

ఆ పూట వాడికి చెప్పనిది ఒకటుంది. రాగి నిక్షేపాలు వెతికే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట కరెంటు సర్వే చేశాం. భూమిలోకి కరెంటు పంపి టక్కున ఆపేస్తే, సల్ఫైడ్ (చాల్కోపైరైట్ లాంటి గంధకం కలిసిన ఖనిజం) రేణువులున్న చోట వోల్టేజి వెంటనే పడిపోదు, మెల్లగా దిగుతుంది. కొలిచే మట్టికుండల్లో మైలుతుత్తం నీళ్ళు పోస్తాం. రాగిని వెతకడానికి రాగి నీళ్ళే! మీటరులో అంకెలు చూసి నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పైన రాళ్ళకు రాగి జాడ చెప్పే ఆకుపచ్చ మరకలు కూడా ఉన్నాయి మరి. బోరు అక్కడే వేయాలని పట్టుబట్టాను.

కోర్, అంటే బోరులోంచి తీసే రాతి కడ్డీ, పైకొచ్చింది. కడుగుదామని చేత్తో తుడిస్తే అరచెయ్యంతా కాటుక. గ్రాఫైట్! అదీ అచ్చం సల్ఫైడ్‌లాగే కరెంటు పట్టుకుంటుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. "సార్, పెన్సిల్ ములుకు తగిలింది" అన్నాడు డ్రిల్లర్, నవ్వకుండా. పచ్చ మరకలంటారా, కాస్త రాగి ఉన్నా చాలు, వానకు కరిగి రాయంతా పులుముకుంటుంది. అడుగున ఎంతుందో అది చెప్పదు. వారం రోజులు మెస్‌లో ఎవరి మొహమూ చూడలేకపోయాను.

విశాఖ కొండల్లో ఉండే ఖొండలైట్ అనే రాతిలోనూ గ్రాఫైట్ కనిపిస్తుంది. అలాంటి ముక్క ఒకటి అల్మరాలో ఉంది. కుర్రాడు చాల్కోపైరైట్ పక్కన పెట్టేసి అదే అడిగి పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి మెట్ల గోడ మీద పెద్ద ఏనుగు. అసోసియేషన్ వాళ్ళు సున్నం ఖర్చు నన్నడిగారు.