శనివారం రాత్రి, షికాగో పక్కన

లవంగాల డబ్బా నా చేతికి వచ్చేసరికి, పక్కింటి అమ్మాయి ల్యాప్‌టాప్‌లో స్నేహితులందరూ అప్పటికే పాట అందుకున్నారు. యూదుల విశ్రాంతి దినం సబ్బాతు ముగిశాక చేసే హవ్‌దాలా ప్రార్థన ఇది. పాయలుగా అల్లిన కొవ్వొత్తిని వాళ్ళమ్మ పట్టుకుంది.

అంతా విస్కాన్సిన్‌లోని రామా అనే యూదుల వేసవి క్యాంప్ పిల్లలు. 1947 నుంచీ నడుస్తోంది అది. వేసవిలో సరస్సు ఒడ్డున భుజాల మీద చేతులేసుకుని పాడినవాళ్ళు ఇప్పుడు ఒకరు మిన్నియాపోలిస్‌లో, ఒకరు సెయింట్ లూయిస్‌లో.

నెట్ స్లో. ఒక్కొక్కరి గొంతూ ఒక్కో చరణంలో ఉంది. అయినా ఎవరూ ఆపలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. సెలవుల్లో అమ్మమ్మగారింట్లో ప్రాణంగా తిరిగిన పిల్లలతో, బడి తెరిచాక మనకి ఒక్క ఉత్తరమైనా ఉండేదా? వీళ్ళు చలికాలమంతా వదలట్లేదు.

వచ్చే నెల అందరూ ఇక్కడికే వస్తున్నారట. ఇద్దరికి మా ఇంట్లో పక్కలు వేస్తానని చెప్పేశాను.