లా కాలేజీ ఎంపికకు మేం వేసిన ఎనిమిదేళ్ల లెక్క

మా చెల్లి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా లా చదువుతానంది. కాలేజీలు, ఫీజులు, లోన్ల సంగతి చూసే పని నాకు పడింది. వడపోతలన్నీ అయ్యాక మూడు దారులు మిగిలాయి. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో వచ్చే ర్యాంకుకు అందేలా ఉన్న, వేరే రాష్ట్రంలోని ఓ కొత్త నేషనల్ లా యూనివర్సిటీ (ఎన్‌ఎల్‌యూ) ఒకటి. హైదరాబాద్ శివార్లలో ఓ ప్రైవేటు యూనివర్సిటీ మరొకటి. మూడోది రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా, కన్వీనర్ కోటాలో నగరంలోనే ఓ కాలేజీ. వీటిని ఎలా తూచామో, ఎక్కడ పొరబడబోయామో రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మొదట నేనూ అందరిలాగే ఐదేళ్ల ఫీజులు పక్కపక్కన రాసుకుని కూర్చున్నాను. దాంతో ఏమీ తేలలేదు. చదువు అయ్యాక ఏ పనిలోకి వెళ్తారో ముందు రాసుకుంటే తప్ప ఏ ఫీజు ఎక్కువో, ఏది తక్కువో చెప్పలేం. ఎందుకంటే కాలేజీ పేరు కొన్ని ఉద్యోగాలకు ప్రాణం, కొన్నింటికి అసలు లెక్కలోకే రాదు.

కార్పొరేట్ లా ఫర్ములనే తీసుకోండి. ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లోని పెద్ద ఫర్ములు కొత్తవాళ్లను ఎక్కువగా కొన్ని క్యాంపస్‌ల నుంచే తీసుకుంటాయి. బెంగళూరు ఎన్‌ఎల్‌ఎస్‌ఐయూ, ఢిల్లీ ఎన్‌ఎల్‌యూ, మన హైదరాబాద్ నల్సార్, కోల్‌కతా ఎన్‌యూజేఎస్ ఆ కోవలోవి. అక్కడ మొదటి ఏడాది ప్యాకేజీ 15 లక్షలు దాటుతుంది. అలాంటి సీటు చేతికొస్తే, వెళ్లాలనుకున్నది ఫర్ములకే అయితే, లోను తీసుకుని చేరడం సబబే. ఢిల్లీ ఎన్‌ఎల్‌యూకు మాత్రం క్లాట్ కాదు, ఐలెట్ అని వేరే పరీక్ష ఉంటుంది.

బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టుల సంగతి వేరు. బ్యాంకు నియామకాలకు పెట్టే ఐబీపీఎస్ పరీక్షకు లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో లాయరుగా నమోదు (ఎన్‌రోల్‌మెంట్) ఉండాలి. ఎక్కడ చదివారని ఎవరూ అడగరు. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు లా పీజీ ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ మార్కులతో లా ఆఫీసర్లను తీసుకుంటూ వచ్చాయి. అక్కడా మార్కులదే మాట. కోర్టు ప్రాక్టీసులో కేసులు తెచ్చిపెట్టేది సీనియర్ లాయరు ఆఫీసు (చాంబర్), ఊరి పరిచయాలు, డ్రాఫ్టింగ్ మీద పట్టు.

మా చెల్లి మనసు జడ్జి పరీక్ష మీద ఉంది. మా లెక్క మొత్తాన్ని మార్చింది అదే. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో డిగ్రీ పట్టా చేతికి రాగానే పరీక్షకు కూర్చునేవారు. ఇప్పుడు అది కుదరదు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులకూ ప్రాక్టీసు అడుగుతారు. అంటే చదువు ఐదేళ్లు, పెద్దగా రాబడి లేని ప్రాక్టీసు మూడేళ్లు, వెరసి ఎనిమిదేళ్లు ఇంటి నుంచి డబ్బు రావాలి. కోర్టు వైపు వెళ్లాలనుకునే పిల్లలకు కాలేజీ ఫీజు ఇందులో ఒక భాగం మాత్రమే.

జూనియర్లకు సీనియర్లు ఇచ్చే స్టైపెండ్ గురించి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని అందులో ఉంది. అది సిఫారసే, తప్పనిసరి కాదు. మేం విచారించిన చాంబర్లలో ఆ అంకె కనబడలేదు. మూడేళ్లకు సగటున నెలకు 8 వేలు వస్తాయనుకుని, హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు పాసు కలిపి 15 వేలు ఖర్చు వేశాం. నెలకు 7 వేలు లోటు. 36 నెలలకు 2 లక్షల 52 వేలు.

ఇక కొత్త ఎన్‌ఎల్‌యూ లెక్క. చాలా ఎన్‌ఎల్‌యూల్లో ఫీజు, హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి రెండున్నర లక్షల నుంచి నాలుగు లక్షల దాకా అవుతోంది. వెబ్‌సైటులో పెద్ద అక్షరాలతో ఉండేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. మెస్, కరెంటు, పరీక్ష ఫీజు, లైబ్రరీ డిపాజిట్ వేరే పేజీలో ఉంటాయి. ఫీజు ఏటా పెరుగుతుందా, చేరినప్పటి ఫీజే ఐదేళ్లూ ఉంటుందా అన్నది రాతపూర్వకంగా అడగాలి. ఏటా 8 శాతం పెరిగితే మొదటి ఏడాది 3 లక్షలున్నది ఐదో ఏడాదికి 4 లక్షలు దాటిపోతుంది. మరిచిపోయే ఖర్చు ఇంకొకటుంది, ఇంటర్న్‌షిప్‌లది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు చేయాలి. ఫర్ముల్లో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు అంతకు రెట్టింపు చేస్తారు. ఢిల్లీలోనో ముంబైలోనో నెల రోజులు ఉండాలంటే 20 వేలకు తక్కువ కాదు, ఇంటర్న్‌కు దక్కేది చాలాచోట్ల సర్టిఫికెట్టే. ఫీజు పెరగదనుకున్నా అన్నీ కలిపి 17 లక్షలు తేలింది.

అందులో 5 లక్షలు ఇంట్లో సర్ది, 12 లక్షలు లోను తీసుకుంటే ఏమవుతుందో చూశాం. విద్యారుణం ఏటా విడతగా వస్తుంది, మాకు ఏటా 2 లక్షల 40 వేలు. వడ్డీ 10 శాతం. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం మొదటి విడత నుంచే నడుస్తుంది. బారువడ్డీ వేసినా మొదటి విడత మీద ఆరేళ్లకు 1 లక్షా 44 వేలు, చివరి విడత మీద రెండేళ్లకు 48 వేలు, ఐదు విడతలకూ కలిపి 4 లక్షల 80 వేలు. కిస్తీలు మొదలయ్యే రోజుకు బాకీ 16 లక్షల 80 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 22,200. పదిహేనేళ్లకు సాగదీస్తే 18,000. నెలకు లక్ష చేతికొచ్చే ఫర్ము ఉద్యోగికి ఇది భారం కాదు. చాంబర్‌లో 8 వేలు తెచ్చుకునే జూనియర్ ఇది కట్టలేరు. ప్రాక్టీసు రెండో ఏడాదిలో కిస్తీలు మొదలవుతాయి. మిగిలిన ఆ రెండేళ్లకే 5 లక్షల 30 వేలు మేం చూసుకోవాలి, పై లోటు అదనం. లోను తీర్చడం కోసం ప్రాక్టీసు వదిలి ఏదో ఒక కంపెనీలో చేరితే, జడ్జి పరీక్షకు కావాల్సిన మూడేళ్లు అక్కడితో ఆగిపోతాయి. అప్పు చేసి కోర్టు వైపు వెళ్లాలనుకునే ఇళ్లలో నాకు కనబడుతున్న పెద్ద ప్రమాదం ఇదే.

లోను దొరకడం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి పూచీ అడుగుతుంది. కాలేజీ పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉంటే పూచీ, జామీను అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణం మీద, కిస్తీ మొదలయ్యేదాకా, 3 శాతం వడ్డీ రాయితీకి అర్హత ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఇది వర్తించదు. కాబట్టి కాలేజీ పేరు జాబితాలో ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే చూసుకోవాలి.

ఉద్యోగాల విషయంలో బ్రోచర్‌ను నమ్మి లెక్క వేయకండి. ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్క విద్యార్థిది. ‘95 శాతం ప్లేస్‌మెంట్’ అన్నచోట వందలో ఎంతమందిని ప్లేస్‌మెంట్‌కు నమోదు చేశారో అడగాలి. 40 మందే నమోదై 38 మందికి వచ్చినా అది 95 శాతమే. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైటులో ర్యాంకు పక్కనే ఆ సంస్థ ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఉంటుంది. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో కోర్సు పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు వెళ్లింది ఎందరు అన్న వరుసలుంటాయి. పూర్తిచేసినవారిలోంచి ఉద్యోగస్తులను, పైచదువుల వాళ్లను తీసేసి మిగిలిన అంకె చూడండి. మధ్యస్థ జీతమంటే సగం మందికి అంతకన్నా తక్కువే వచ్చిందని. ఈ అంకెలు కాలేజీ స్వయంగా ఇచ్చినవి. అందుకే నేను లింక్డ్‌ఇన్‌లో రెండేళ్ల కిందటి బ్యాచ్ పేర్లు 30 వెతికి, ఎవరు ఎక్కడున్నారో కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను. ఒక సాయంత్రం పట్టింది, మూడు నెలల కౌన్సెలింగ్ ప్రకటనల కంటే ఎక్కువ తెలిసింది. ఎన్‌ఎల్‌యూలు ప్రభుత్వ చట్టాలతో ఏర్పడ్డవి కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి బ్యాచ్ వివరాలు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రైవేటు యూనివర్సిటీ దారి మాకు ఇక్కడే మూసుకుపోయింది. ఫీజు ఎన్‌ఎల్‌యూతో సమానం, లింక్డ్‌ఇన్‌లో దొరికినవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టుల రివ్యూ ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ ఉద్యోగాలకు లాసెట్ కాలేజీల పిల్లలనూ తీసుకుంటున్నారు.

తేదీల దగ్గర జాగ్రత్త. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది, 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత, పేపరు ఇంగ్లిషులోనే. లాసెట్ వేసవిలో ఉంటుంది. 120 ప్రశ్నలు, గంటన్నర, కోత లేదు, తెలుగులోనూ పేపరు ఉంటుంది. అర్హతకు 42 మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. చిక్కేమిటంటే, లాసెట్ సీటు ఏదో తెలిసే లోపే క్లాట్ కౌన్సెలింగ్‌లో డబ్బు కట్టాలి. వచ్చిన సీటే చాలని ‘ఫ్రీజ్’ నొక్కినా, పై కాలేజీ కోసం ‘ఫ్లోట్’ నొక్కినా కన్ఫర్మేషన్ ఫీజు పడుతుంది. గడువు దాటాక వదులుకుంటే వెనక్కి రాదు. మేం ‘ఫ్లోట్’ నొక్కబోయి, లాసెట్ పాత కటాఫ్‌లు చూసుకుని, అక్కడ సీటు ఖాయమనిపించాకే క్లాట్ సీటు వదిలేసే ‘ఎగ్జిట్’ ఎంచుకున్నాం.

లాసెట్ కాలేజీల్లో చూడాల్సింది మొదట బార్ కౌన్సిల్ అనుమతి. అది కొన్నేళ్లకే ఇస్తారు, పొడిగించుకుంటూ ఉండాలి. గోడ మీద చట్రం కట్టిన పాత ఉత్తర్వు చూసి సరిపెట్టుకోవద్దు. ఈ విద్యాసంవత్సరానికి, ఈ కోర్సుకు, ఇన్ని సీట్లకు అని ఉన్న కాగితం అడగాలి. లేకపోతే ఐదేళ్ల తర్వాత ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఇబ్బంది వస్తుంది. రెండోది ఫీజు రీయింబర్స్‌మెంట్. అర్హత ఉన్నవాళ్లు ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసుకోవాలి, సీటు కన్వీనర్ కోటాలో రావాలి. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు విద్యార్థినే ముందు కట్టమంటాయి, సర్టిఫికెట్లు ఆపుతాయి. కాబట్టి ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకుని చేరడం క్షేమం. మూడోది కోర్టుకు దూరం. మధ్యాహ్నానికి క్లాసులు ముగిసి, కోర్టుకు అరగంటలో చేరగలిగితే మూడో ఏడాది నుంచే చాంబర్‌కు వెళ్లొచ్చు. కింది కోర్టుల్లో సాక్ష్యం తెలుగులో నడుస్తుంది కాబట్టి ఇక్కడే చదివినవాళ్లకు అది కలిసొస్తుంది.

ఇంట్లో డబ్బు మరీ బిగువైతే మామూలు డిగ్రీ చేసి, తర్వాత లాసెట్‌తో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం ఇంకా చవక. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. జడ్జి, ప్రాసిక్యూటర్, బ్యాంకు పోస్టులకు రెండు డిగ్రీలూ సమానమే. పెద్ద ఫర్ములు మాత్రం ఐదేళ్ల కోర్సు వాళ్ల వైపే మొగ్గుతాయి.

మా లాసెట్ లెక్క ఇలా తేలింది. ఫీజు ఏటా 30 వేలు, హాస్టల్, తిండి 90 వేలు, ఐదేళ్లకు 6 లక్షలు. ప్రాక్టీసు లోటు రెండున్నర లక్షలు. పుస్తకాలు, గౌను, ఎన్‌రోల్‌మెంట్, ఆలిండియా బార్ పరీక్షకు మరో 50 వేలు. మొత్తం 9 లక్షలు, అప్పు లేదు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 మించకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది, అంతకన్నా అడిగితే తీర్పు చూపించొచ్చు. మూడేళ్ల ప్రాక్టీసు లెక్క ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే మొదలవుతుంది. అందుకని ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టేలా కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రాక్టీసు లోటు కోసం చెల్లి చేరిన నెలలోనే నెలకు 4 వేలతో ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిచాం. ఆరున్నర శాతం వడ్డీకి 60 నెలలు తిరిగేసరికి సుమారు 2 లక్షల 80 వేలు చేతికొస్తుంది. నల్లకోటు వేసుకున్న రోజు నుంచి నెలకు 7 వేల చొప్పున అందులోంచే తీసుకోమని తనకు చెప్పాం.