బీరువాలో దొరికిన హాల్ టికెట్

2022లో ఉద్యోగం మానేసి పూర్తిగా హైదరాబాద్ వచ్చేశాక, తార్నాకలో అమ్మ బీరువా సర్దుతుంటే పట్టుచీరల మడతల్లో ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది. లోపల మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ సప్లిమెంటరీ హాల్ టికెట్, ఫీజు కట్టిన రసీదు. రెండూ 2019వి. వాడు మ్యాథ్స్ తప్పాడన్న సంగతి మూడేళ్ళ తర్వాత చీరల మధ్య నుంచి నాకు తెలిసింది. అమ్మను అడిగితే, "నీకు చెప్పనని వాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడే, నేనేం చెయ్యను" అంది.

పిల్లల్ని అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచి శరణార్థి శిబిరాల్లో సేవా పనుల మీద దేశాలు పట్టుకు తిరిగే మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. డబ్బు పంపడం, రోజూ ఫోన్ చేయడం, సెలవు దొరికితే పరుగెత్తుకు రావడం, ఇవన్నీ మేం చేశాం. మా పొరపాటు మేం మాట్లాడిన మాటల్లో ఉంది.

మేం కెన్యాలోని నైరోబీ వెళ్ళింది 2006లో. మా ఆయన మంచినీళ్ళ ఇంజనీరు, నేను నర్సుని. ఉత్తరాన తుర్కానా ఎడారి ప్రాంతంలో కకూమా అనే శరణార్థి శిబిరం ఉంది, 1992 నుంచీ ఉంది. ఒకరం అక్కడికి వెళ్తే ఒకరం ఇంట్లో పిల్లల దగ్గర ఉండేవాళ్ళం. పాపకి అప్పుడు ఏడేళ్ళు, బాబుకి నాలుగు. చాలా తొందరగా అక్కడి పిల్లలైపోయారు. స్కూల్లో ఇంగ్లిష్, ఆటల్లో స్వాహిలీ, నాతో తెలుగు. ఉగాలీ సంకటిలాగే ఉంటుంది కాబట్టి దాంతో గొడవ లేదు, పప్పు పోసుకుని తినేవాళ్ళు.

సెలవులకు వచ్చినప్పుడు ఓసారి అమ్మకు గడప తగిలి వేలు చితికింది. బాబు పరుగున వెళ్ళి "పోలే అమ్మమ్మా, పోలే" అన్నాడు. "ఏది పోలేదురా, నొప్పా? అవును, పోలేదు" అంది అమ్మ. కెన్యాలో ఎవరికి ఏ కష్టం వచ్చినా చెప్పే మాట అది. మన "అయ్యో పాపం"కి దగ్గరగా ఉంటుంది. కాలికి దెబ్బ తగిలినా పోలే, ఇంట్లో మనిషి పోయినా పోలే. చిన్న కష్టానికి ఒకటి, పెద్దదానికి ఒకటి అని రెండు మాటలు ఉండవు. మా బాబుకి నాలుగేళ్ళకే వచ్చిన ఆ మాట నాకు రావడానికి చాలా కాలం పట్టింది.

మా ఇంట్లో ఎప్పుడూ కొలతలే మరి. శిబిరంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు ఇవ్వాలన్నది మా పనిలో అందరికీ కంఠతా వచ్చే లెక్క. బాబు స్నానానికి బకెట్ నిండా పట్టుకుంటే "ఒక మనిషి రోజంతా వాడే నీళ్ళు నువ్వు ఒక్కసారికి పోసేశావు" అనేవారు వాళ్ళ నాన్న. పాప కాకరకాయ కూర పక్కకు నెడితే, బక్కచిక్కిన పిల్లలకు మేం ఇచ్చే పల్లీల ముద్ద ప్యాకెట్ గురించి చెప్పేదాన్ని, 92 గ్రాములు, 500 కేలరీలు, పిల్లలు చివరి చుక్క వరకూ పిండుకుని తింటారు అని. ఒకరోజు బాబు నీరసంగా ఉందని, అన్నం వద్దని ఏడుస్తుంటే నా బ్యాగులోంచి చేతి కొలత పట్టీ తీసి వాడి జబ్బకు చుట్టాను. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఎరుపు, అంటే బాగా చిక్కిపోయినట్టు, 12.5 దాటితే ఆకుపచ్చ, అంటే ఫర్వాలేదు. "చూడు, ఆకుపచ్చలో ఉన్నావు, నీకేం కాలేదు" అన్నాను. వాడు ఏడుపు ఆపేశాడు. పని అయిందనుకున్నాను. ఆ పట్టీ మీద వాడి వేలు ఎలా ఆడిందో, ఎరుపు ఎక్కడుందో వెతుకుతున్నట్టు, ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

2013 డిసెంబరులో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో కాల్పులు మొదలయ్యాక ఆ దేశం నుంచి కకూమాకు జనం పోటెత్తారు. తర్వాతి ఏడాది మా ఆయనకు జూబాలోనే పని పడింది. అది కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేని చోటు. నేనేమో ఎక్కువ రోజులు కకూమాలో. పిల్లల్ని అమ్మ దగ్గరికి పంపేశాం. 2016 జులైలో జూబాలో మళ్ళీ కాల్పులు మొదలైతే మన వాయుసేన విమానం వెళ్ళి దాదాపు 150 మందిని తీసుకొచ్చింది. పిల్లలిద్దరూ టీవీ ముందు కూర్చుని, విమానం దిగే ఒక్కో మొహంలో నాన్న కోసం వెతికారట. ఆయన ఆ విమానం ఎక్కలేదు. పంపులు ఆగితే నీళ్ళుండవు, నీళ్ళు లేకపోతే కలరా వస్తుంది, ఉండాల్సిందే అన్నారు. ఆ నిర్ణయం తప్పని నేను ఈ రోజుకీ అనను. కానీ ఆ వారం పాపకు ఇంటర్ క్లాసులో ఏమైందో మేమిద్దరం అడగలేదు, అది చెప్పలేదు. దానికి చెప్పకపోవడం అప్పటికే అలవాటైపోయింది.

2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ చేరారు, వాళ్ళ శిబిరాలున్న కాక్స్‌బజార్‌కు నేను వెళ్ళాను. 2019 ఏప్రిల్ 18న మన దగ్గర ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఆ తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడి కుటుపలాంగ్ శిబిరంలో ఫోన్‌లో ఆ వార్తలు చూసి చేతులు వణికాయి. ఇంటికి ఫోన్ చేసి "నీ సంగతేంటి నాన్నా" అంటే, "బానే వచ్చాయమ్మా" అన్నాడు. హమ్మయ్య అనుకుని మళ్ళీ పనిలో పడ్డాను. అప్పుడు వాడు గదిలో ఒక్కడే ఉన్నాడు, ఫెయిలై, పదహారేళ్ళవాడు. ఆ రోజుల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

హాల్ టికెట్ వాడి ముందు పెట్టి ఎందుకు చెప్పలేదని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు తిట్టవని తెలుసమ్మా. వానలొస్తే గుట్టల మీది గుడిసెలు జారిపోతాయేమోనని అప్పుడు టెన్షన్‌లో ఉన్నావు. చెబితే, ఇక్కడి పిల్లలకు సరైన బడే లేదు నాన్నా, నీకు ఇంకో చాన్స్ ఉందిగా అనేదానివి. అది నిజమే. కానీ ఆ రోజు నాకు అది వినాలని లేదు" అన్నాడు. పక్కనే ఉన్న అక్క, "నేను డెంగీతో హాస్పిటల్‌లో ఉన్నదీ అందుకే చెప్పలేదు" అంది. డెంగీ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

పిల్లలకు మా పని మీద కోపం లేదు. పాప నన్ను బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యా కుటుంబాల దగ్గరికి తీసుకెళ్తుంటుంది కూడా. వాళ్ళు మాతో పోట్లాడి ఉంటేనే నయమేమో అనిపిస్తుంది. బయలుదేరే వాళ్ళెవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే, శిబిరం లెక్కలు పిల్లల ముందు తీయకండి. ఇంటికొచ్చాక అడగండి, లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరు మాట్లాడలేదు అని. అది వాళ్ళకు చాలా పెద్ద విషయం.

మొన్న మంగళవారం రాత్రి పదిన్నరకు అబ్బాయి గచ్చిబౌలి నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా కుర్చీలో కూలబడ్డాడు. "అరకు ట్రిప్ క్యాన్సిలమ్మా, మేనేజర్ లీవ్ ఇవ్వలేదు" అన్నాడు. "అక్కడ" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు. మింగేసి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, టికెట్ డబ్బులు వెనక్కి వస్తాయా అని అడిగాను.

"సగం పోతాయి."

"పోలే" అన్నాను.

తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత బ్యాగు దించి, పన్నెండు దాకా ఆ మేనేజర్ గురించే చెప్పాడు, నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.